తాళం వేసినట్టే ఉంది... నగలే లేవు!

మా పిన్ని రెండేళ్ల క్రితం కూతురి పురిటికని డల్లాస్ వెళ్లింది. ఆర్నెల్లు ఉండి, మనవడికి అన్నప్రాశన కూడా చేయించి తిరుగు ప్రయాణం కట్టింది. మధ్యలో గల్ఫ్‌లో ఒకచోట విమానం మారి, తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగింది. రెండు సూట్‌కేసులూ బెల్టు మీద చక్కగా వచ్చాయి. తాళాలు తాళాల్లాగే ఉన్నాయి, జిప్పులు జిప్పుల్లాగే ఉన్నాయి. "అమ్మయ్య, సామానంతా వచ్చేసింది" అనుకుని బయటపడ్డారు.

మర్నాడే అత్తగారి సంవత్సరీకం. పెద్ద పెట్టె హైదరాబాదులో కొడుకింట్లోనే వదిలేసి, చేతిసంచీతో తెనాలి వెళ్లిపోయింది. వచ్చేపోయే చుట్టాలు, పగలు నిద్ర, రాత్రి మెలకువ... అన్నీ సర్దుకుని తిరిగొచ్చి పెట్టె తెరిచేసరికి తొమ్మిదో రోజు. పిల్లల చాక్లెట్లు ఉన్నాయి. బాబాయి కోసం తెచ్చిన స్వెట్టరు ఉంది. అడుగున పట్టుచీర మడతల్లో దాచిన విటమిన్ మాత్రల డబ్బా కూడా ఉంది. మూత బిగించే ఉంది. లోపల చుట్టిపెట్టిన రుమాలూ ఉంది. రుమాల్లో ఉండాల్సిన కాసుల పేరు, కమ్మల జత మాత్రం లేవు.

పిన్ని అక్కడే కూలబడిపోయింది. పోయినదాని బాధ ఒక ఎత్తయితే, తర్వాత జరిగింది ఇంకో ఎత్తు. "అసలు పెట్టావా? బాగా గుర్తు తెచ్చుకో" అన్నాడు బాబాయి. "అక్కడే ఎక్కడో మర్చిపోయి ఉంటావమ్మా" అన్నాడు కొడుకు. డల్లాస్‌లో కూతురు పాపం అల్మరాలన్నీ గాలించింది. అల్లుడు ఫోన్లో ముభావంగా మాట్లాడాడట. అత్తగారు తమ ఇంట్లోనే పోయిందని అనుకుంటోందేమోనని ఆయన బాధ ఆయనది. అసలు దొంగ ఎవడో ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది మాత్రం నగ పోగొట్టుకున్న మనిషే.

రైలు తెలివి విమానంలో పనికిరాదు

అంత విలువైన వస్తువు పెద్ద పెట్టెలో ఎందుకు పెట్టిందని మీరూ అడగొచ్చు. నేనూ అడిగాను. "చేతిసంచీ ఎవరైనా లాక్కుపోతారని..." అంది. పక్కింటావిడెవరో "చేతిలో ఉంటే కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారు, పెట్టెలో అయితే చూడరు" అని భయపెట్టిందట కూడా.

ఆలోచిస్తే పిన్ని తప్పేం లేదు. మన అమ్మలూ అమ్మమ్మలూ నేర్పింది ఇదే కదా! రైల్లో అయినా బస్సులో అయినా దొంగ చెయ్యి వేసేది పైకి కనిపించే సంచీ మీద. అందుకని బంగారం ట్రంకు పెట్టె అడుగున, పాత చీరల మడతల్లో, ఎవరికీ అనుమానం రాని డబ్బాలో పెట్టి, పెట్టెకు తాళం వేసి, బెర్తు కింద గొలుసుతో కట్టేస్తాం. పెట్టె మీద కాళ్లు పెట్టుకుని కూర్చుంటాం. ఆ తెలివి అక్కడ దివ్యంగా పనిచేస్తుంది. ఎందుకంటే పెట్టె మన కాళ్ల కిందే ఉంటుంది.

విమానంలో లెక్క తలకిందులు. సీటు కింద పెట్టుకున్న చేతిసంచీ ప్రయాణమంతా మన దగ్గరే ఉంటుంది. కౌంటరులో ఇచ్చేసిన పెట్టె మటుకు ఆ క్షణం నుంచీ మనకు కనపడదు. పైగా ఎంత అడుగున దాచినా లాభం లేదు. ప్రతి పెట్టెనూ ఎక్స్‌రే యంత్రంలోంచి పంపుతారు. ఆ తెర మీద బట్టలు, తిండిపదార్థాల్లాంటివి నారింజ రంగులో, లోహాలు నీలంగా కనిపిస్తాయి. బంగారంలా బాగా చిక్కని లోహమైతే నల్లటి ముద్దలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. విటమిన్ డబ్బాలో గొలుసు ఆకారం! మనం దాచాననుకున్నది యంత్రం ముందు కూర్చున్నవాడికి బోర్డు పెట్టి చూపించినట్టే.

కస్టమ్స్ సంగతీ అంతే. దిగిన తర్వాత పెద్ద పెట్టెల్నీ ఎక్స్‌రేలో చూస్తారు. పెట్టెలో దాస్తే కనపడదనేది ఉత్త మాట. మన నగలు మనమే తీసుకెళ్లి మనమే తెచ్చుకుంటున్నామని చెప్పడానికి సరైన దారి వేరే ఉంది. ఇక్కణ్నుంచి వెళ్లేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి నగలు చూపించి 'ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్' తీసుకోవాలి. కాస్త ముందుగా వెళ్లాలి, ఓపిక పట్టాలి. కానీ తిరిగొచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు. ఆ నగలు ఫలానా బరువుతో ఫలానా రోజున మీ దగ్గర ఉన్నాయనడానికి ప్రభుత్వ కాగితమూ చేతిలో ఉంటుంది. పిన్నికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే దాచాల్సిన అవసరమే వచ్చేది కాదు.

పెట్టె ఎన్ని చేతులు మారుతుందో!

కౌంటరులో బరువు తూచి, చీటీ కట్టి, బెల్టు మీదకి పంపేశాక పెట్టె చాలాచోట్ల ఆగుతుంది. తనిఖీ యంత్రం, సామాను వేరుచేసే చోటు, విమానం దాకా లాక్కెళ్లే బండ్లు, విమానం కడుపులోని సరుకు గది. మధ్యలో విమానం మారితే ఇదంతా మళ్లీ మొదటికి. పెద్ద విమానాల్లో పెట్టెల్ని కంటెయినర్లలో వేసి ఎక్కిస్తారు. బోయింగ్ 737 లాంటి చిన్న విమానాల్లో మాత్రం మనుషులు సరుకు గదిలోకి దూరి, వంగి కూర్చుని, ఒక్కొక్కటీ చేత్తోనే పేరుస్తారు. అక్కడ ఉండేది వాళ్లిద్దరో ముగ్గురో, పెట్టెలు, అంతే.

అమెరికాలో మయామీ విమానాశ్రయంలో పోలీసులు సరిగ్గా అలాంటి సరుకు గదిలోనే రహస్య కెమెరాలు పెట్టారు. సామాను ఎక్కించాల్సినవాళ్లే జిప్పులు లాగి వెతుక్కుంటున్న దృశ్యాలు 2015లో టీవీల్లో వచ్చాయి. అంతకుముందు 2008లో న్యూజెర్సీలోని న్యూవార్క్ విమానాశ్రయంలో ఏకంగా భద్రతా తనిఖీ ఉద్యోగే పట్టుబడ్డాడు. ప్రయాణికుల పెట్టెల్లోంచి కెమెరాలు తీసి ఇంటర్‌నెట్‌లో వేలానికి పెట్టేవాడు. టీవీ సంస్థల ఖరీదైన కెమెరాలు కూడా కాజేయడంతో దొరికిపోయాడు, మూడేళ్ల జైలుశిక్ష పడింది. కంచే చేను మేసినట్టన్నమాట.

అలాగని సామాను మోసే ప్రతివాణ్నీ దొంగను చేయడం న్యాయం కాదు. ఎండనకా వాననకా కాంట్రాక్టు జీతానికి రోజంతా బరువులెత్తేవాళ్లే వాళ్లలో ఎక్కువ. పోయినవన్నీ దొంగతనాలూ కావు. కుక్కికుక్కి సర్దిన పెట్టె జిప్పు పగిలి వస్తువులు జారిపోవచ్చు. తనిఖీకి తెరిచినవాళ్లు తిరిగి సర్దడంలో పొరపాటు జరగొచ్చు. అచ్చం మీ పెట్టెలాంటిదే ఉన్న ఇంకొకరు మీది పట్టుకుపోవచ్చు. అయితే డబ్బా మూత తీసి, రుమాలు విప్పి, మళ్లీ చుట్టి మూత పెట్టడం పొరపాటున జరిగే పని కాదుగా!

మరి తాళం? తాళం పగలకుండా ఎలా తీశారు? ఇది తెలిశాక నాకైతే ఒళ్లు మండింది. బట్ట సూట్‌కేసుల జిప్పు పళ్ల మధ్య మామూలు బాల్‌పెన్ను మొన గుచ్చితే చాలట, జిప్పు విచ్చుకుపోతుంది. పని అయ్యాక తాళం వేసి ఉన్న జిప్పు తలల్నే అటోసారి ఇటోసారి లాగితే పళ్లు మళ్లీ పట్టుకుంటాయి. తాళం తాళంలాగే ఉంటుంది. ఆ బుల్లి తాళం జిప్పు తలల్ని కట్టి ఉంచుతుందే కానీ జిప్పును కాపాడదు.

అమెరికా వెళ్లేవాళ్లకి ఇంకో తిరకాసు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అక్కడ ప్రతి పెట్టెనూ తనిఖీ చేయడం మొదలుపెట్టారు. సొంత తాళం వేస్తే పగలగొట్టే అధికారం వాళ్లకుంది, దానికి పరిహారం ఇవ్వరు. అందుకని 2003 నుంచి వాళ్ల మాస్టరు తాళంచెవితో తెరుచుకునే 'టీఎస్ఏ' తాళాలు వచ్చాయి. ఎర్రటి డైమండు గుర్తు ఉంటుంది చూడండి, అవే. తీరా చూస్తే, ఆ మాస్టరు చెవుల ఫొటో 2014లో ఒక అమెరికన్ పత్రికలో అచ్చయిపోయింది. మరుసటి ఏడాదికల్లా ఆ ఫొటో చూసి నకళ్లు తయారుచేసి చూపించారు. ఇక ఆ తాళం దేనికంటారా? జిప్పు దానంతటది ఊడిపోకుండా ఉండటానికి పనికొస్తుంది. అక్కడి తనిఖీ సిబ్బంది పెట్టె తెరిస్తే లోపల అచ్చు చీటీ ఒకటి పెడతారు. పిన్ని పెట్టెలో అలాంటిదేమీ లేదు.

నన్నడిగితే జిప్పు లేకుండా రెండు గొళ్లేలతో టక్కున మూసుకునే పాతకాలం గట్టి సూట్‌కేసే నయం. బరువెక్కువని మనమే అటకెక్కించాం. అలాంటివి తేలిక రకాల్లోనూ వస్తున్నాయి. లేదంటే జిప్పు తలల్ని సూట్‌కేసు పిడికి కలిపి ప్లాస్టిక్ టై ఒకటి బిగించండి. రెండు మూడు రూపాయల వస్తువు. విమానాశ్రయంలో చుట్టించే ప్లాస్టిక్ కాగితమూ ఇంతే. ఇవి దొంగను ఆపలేవు. ఎవరో తెరిచారని మాత్రం బెల్టు దగ్గరే తెలిసిపోతుంది. అసలు కావాల్సింది అదే. ఎందుకో చెబుతాను.

ఏడు రోజులే గడువు

పిన్ని కొడుకు పదకొండో రోజున విమాన సంస్థకు ఉత్తరం రాశాడు. వాళ్లు చాలా మర్యాదగా జవాబిచ్చారు. ఒకటి, గడువు దాటింది. రెండు, నగలు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదని మా షరతుల్లోనే ఉంది. చింతిస్తున్నాం. ఇట్లు.

మొదటి మాట నిజమే. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం 1999లో కుదిరింది, మనదేశంలో 2009 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పెట్టె దెబ్బతిన్నా, అందులోని వస్తువు పోయినా పెట్టె అందిన ఏడు రోజుల్లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యంగా అందిన పెట్టెకైతే ఇరవై ఒక్క రోజులు. ఫిర్యాదు లేకుండా పెట్టె తీసుకుంటే, బాగానే అందిందని చట్టం అనుకుంటుంది. మనవాళ్లు దిగగానే పెట్టె తెరుస్తారా? ముందు నిద్ర, తర్వాత చుట్టాలు, ఆ తర్వాతే పెట్టె. ఏడు రోజులు ఇట్టే గడిచిపోతాయి.

రెండో మాట చెప్పగానే మటుకు నోరు మూసుకుని కూర్చోనక్కర్లేదు. ఒప్పందంలోని బాధ్యతను తప్పించుకునేలా సంస్థ రాసుకున్న షరతు చెల్లదని అదే ఒప్పందం 26వ అధికరణంలో ఉంది. అంతర్జాతీయ ప్రయాణంలో సామాను తీసుకున్నాక 'నగలకు, కెమెరాలకు మా పూచీ లేదు' అనడం కుదరదని అమెరికా రవాణా శాఖ 2009లోనే సంస్థలను హెచ్చరించింది. ఇచ్చేదానికి పరిమితి మాత్రం ఉంది. 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు. ఇది అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క. మన డబ్బులో లక్షన్నరకూ రెండు లక్షలకూ మధ్య ఉంటుంది. అదీ పోయిన వస్తువు విలువ రుజువు చేస్తేనే. విలువైన సామాను ఇచ్చేటప్పుడే దాని విలువ ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టే వీలు కూడా ఒప్పందంలో ఉంది. కౌంటరులో అది అడిగే ప్రయాణికుల్ని నేనైతే చూడలేదు.

దేశంలో తిరిగే విమానాలకు ప్రయాణికుల చార్టరులో రాసిన పరిమితి 20,000 రూపాయలు. ఇప్పటి ధరల్లో దానికి రెండు గ్రాముల బంగారం కూడా నిండుగా రాదు. ప్రయాణ బీమా ఉందిగా అంటారేమో, పాలసీ కాగితం ఒకసారి తిరగేయండి. పెట్టె మొత్తం పోతేనే ఇస్తామని, నగలకు ఇవ్వమని చాలావాటిలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

గల్ఫ్ నుంచి వచ్చే అట్టపెట్టెలు

డల్లాస్ నుంచి వచ్చిన పిన్నికి ఉత్తరం రాసిపెట్టే కొడుకున్నాడు. కువైట్ నుంచి వచ్చే ఆడవాళ్ల సంగతి చూడండి. రాజంపేట, రాయచోటి వైపు నుంచీ, కోనసీమ నుంచీ వేల మంది ఇళ్లలో పనికని వెళ్తారు. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వస్తారు. అట్టపెట్టెకు నైలాను తాడు చుట్టి, పైన పెద్ద అక్షరాలతో పేరూ ఊరూ రాసుకుని తెస్తారు. కొడుక్కి సెల్‌ఫోను, కూతురికి సెంటు సీసాలు, ఖర్జూరాలు, దుప్పట్లు. అట్టపెట్టె తెరవడానికి బాల్‌పెన్ను కూడా అక్కర్లేదు, బ్లేడు చాలు. పైన మళ్లీ టేపు వేస్తే సరి.

హైదరాబాదులోనో చెన్నైలోనో దిగి, రాత్రంతా జీపులోనో బస్సులోనో ఊరు చేరాక పెట్టె విప్పుతారు. ఫోను ఉండదు. మళ్లీ అంత దూరం వెళ్లి ఎవరిని అడగాలి? ఏ భాషలో అడగాలి? "పోతే పోయిందిలే, ప్రాణాలతో వచ్చాం" అని సరిపెట్టుకుంటారు. మీ ఊరివాళ్లెవరైనా అలా వెళ్తుంటే ఒక్క మాట చెప్పండి. ఫోను, బంగారం, జీతం డబ్బు ఒంటిమీదో చేతిసంచీలోనో ఉండాలి. అట్టపెట్టెలో దుప్పట్లు ఉంటే చాలు.

బెల్టు దగ్గర ఐదు నిమిషాలు

పెట్టె సర్దడం అయ్యాక మూయబోయే ముందు సెల్‌ఫోనుతో లోపలి సామాను ఫొటో తీసుకోండి. నగల ఫొటోలు, కొన్న రసీదులు విడిగా ఉంచుకోండి. కౌంటరులో ఇచ్చే చీటీ మీద పెట్టె బరువు పడుతుంది, ఆ చీటీ ఇల్లు చేరేదాకా పారేయొద్దు. దిగాక పెట్టె తేలికగా అనిపిస్తే అక్కడే తూచమని అడగొచ్చు. రెండు కిలోలు తగ్గిందంటే ఎవరూ కాదనలేని సాక్ష్యం. కాసుల పేరు బరువుకి తేడా తెలియదనుకోండి, అది వేరే విషయం. పెట్టెలో పెట్టుకునే 'ట్యాగు' పరికరాలు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. పెట్టె ఏ ఊళ్లో ఉందో అవి చెబుతాయి. లోపల ఏముందో చెప్పవు.

బెల్టు మీద నుంచి దించగానే పక్కకు తీసుకెళ్లి జిప్పు, టై, మూలలు చూడండి. ఏమాత్రం అనుమానంగా ఉన్నా అక్కడే తెరిచి చూసుకోండి. ఎవరేమనుకుంటారోనని సిగ్గుపడొద్దు. ఏదైనా పోయిందని తెలిస్తే కస్టమ్స్ దాటి బయటికి రాకముందే విమాన సంస్థ సామాను కౌంటరుకి వెళ్లి 'ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు' రాయించుకుని నకలు తీసుకోవాలి. బయటికొచ్చేస్తే మళ్లీ లోపలికి పోనివ్వరు. విమానం మారి వచ్చినా, చివరి విమానం ఎవరిదో వాళ్ల కౌంటరుకే వెళ్లండి. తర్వాత ఈమెయిలు కూడా పెట్టండి, ఆ ఏడు రోజుల లోపలే.

దొంగతనమని నమ్మకంగా ఉంటే పోలీసు ఫిర్యాదూ ఇవ్వాలి. మా పరిధి కాదంటే ఒప్పుకోవద్దు. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషన్లోనైనా ఎఫ్ఐఆర్ రాసుకోవాల్సిందే. విమాన సంస్థ మొండికేస్తే పౌర విమానయాన శాఖ వారి 'ఎయిర్‌సేవ'లో ఫిర్యాదు పెట్టొచ్చు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషను. 2019 చట్టం వచ్చాక మీరున్న ఊరి కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల దాకా అయితే ఫీజు కూడా లేదు. రెండేళ్లలోపు వేయాలి.

ఇంకొక్క విషయం. బంగారం చేతిసామానులోనే పెట్టుకున్నామని ధీమాగా ఉండేవాళ్లకి అసలు గండం విమానం తలుపు దగ్గర ఎదురవుతుంది. విమానం నిండిపోతే "పైన చోటు లేదు, ట్రాలీ ఇచ్చేయండి, కిందికి పంపిస్తాం" అంటారు. వెనకాల జనం తోసుకుంటూ ఉంటారు. ఆ కంగారులో ఇచ్చేస్తాం. అంతే, చేతిసామాను కాస్తా సరుకు గదిలోకి! అందుకే నగలు, పాస్‌పోర్టు, మందులు ట్రాలీలో కాకుండా భుజాన వేసుకునే చిన్న సంచీలో ఉండాలి.

పోయినేడాది పిన్ని రెండోసారి డల్లాస్ వెళ్తుంటే శంషాబాద్‌లో తలుపు దగ్గర సరిగ్గా ఇదే జరిగిందట. వెనక ఎవరో "త్వరగా కానివ్వండి ఆంటీ" అని విసుక్కున్నారట. పిన్ని అక్కడే ట్రాలీ కింద పెట్టి, జిప్పు తీసి, అందరూ చూస్తుండగా చిన్న సంచీ బయటికి లాగి కొంగుచాటున పెట్టుకుని, "ఇప్పుడు తీసుకెళ్లు నాయనా" అందట.

కాసుల పేరు మాత్రం దొరకలేదు. అది పిన్నికి వాళ్లమ్మ పెట్టింది. ఇప్పటికీ పండగ ముందు ఇల్లు దులిపేటప్పుడు బాబాయి బీరువా కింది అర ఒకసారి లాగి చూస్తాడు. పిన్ని చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.